చెంచులక్ష్మి మాటలు ఎవరు రాస్తరు?

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు తవ్వే నెలల్లో ఏ ఇంటికి పోయినా మాట ధర దగ్గరే మొదలవుతుంది. నిజామాబాద్ యార్డులో ఇవాళ ఎంత పలికింది, తేమ ఎంత చూపించింది అని. మొన్న మాఘంలో నేను విన్న వాదం మాత్రం నాటకం గురించి. ఉడకబెట్టిన పసుపు ఆరబోసిన కల్లం పక్కన, వేపచెట్టు కింద కూర్చుని ఇద్దరు పొద్దు గుంకేదాకా వాదించుకున్నారు.

ఒకరు తెలుగు చెప్పి రిటైరైన లెక్చరర్. ఊరంతా సారు అంటుంది. చిందు మేళాల వెంట, దండారి జట్ల వెంట ఏళ్లకేళ్లు తిరిగిన మనిషి. రెండో మనిషి జక్రాన్‌పల్లి దిక్కు తండా నుంచి పోయి రంగస్థల కళల్లో పీజీ చేస్తున్న అమ్మాయి. మా ఇంట్లో అందరం చెల్లె అంటాం కాబట్టి ఇక్కడా అదే పేరు. గోర్‌బోలి, తెలుగు కలిపి ఒక నాటకం రాసి, రాతప్రతి సారుకిచ్చింది. ఆయన చదివాడు, ఒప్పుకోలేదు. రాత బాగాలేక కాదు. ఆదివాసీ నాటకానికి నాటకకర్త అనేవాడే అక్కర్లేదన్నది ఆయన వాదం. ఇద్దరి మాటలూ వీలైనంత వాళ్ల తీరులోనే రాస్తున్నాను. నా మొగ్గు ఎటో తెలిసిపోతుంది, దాచే ఉద్దేశం లేదు.

సారు: రాత బాగుంది బిడ్డా, అది మొదలే చెప్తున్న. నా బాధ వేరే. గూడేనికి, తండాకు నాటకం లేదన్నట్టు, నువ్వు తీస్కపోయి ఇస్తున్నట్టు రాసినవ్ ముందుమాట. దండారి చూసినవా ఎన్నడన్న?

చెల్లె: చూసిన సార్. మర్లవాయిల చూసిన.

సారు: చూస్తే మళ్ల ఎట్ల రాసినవ్? ఏత్మాసూర్‌కు పూజ చేసి మొదలుపెడతరు, దీపావళి దాటినంక కోలబోడితో ముగిస్తరు. నడుమ ఉన్నన్ని రోజులు గుస్సాడి వేషం కట్టినోడు స్నానం చెయ్యడు. నెమలీకల టోపీ, ఒంటి మీద బూడిద, భుజానికి మేకతోలు, చేతిల కర్ర. వాడు వేషగాడు కాదు, ఆ రోజులకు దేవుడే. ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి పోతది. ఆ ఊరోళ్లు ఎదురొచ్చి, కాళ్లు కడిగి, అన్నం పెడతరు. రాత్రి గుమేల మోగుతుంటే ఆడవేషం కట్టిన పిల్లగాండ్లు ఆడతరు, నవ్వించే చిన్న చిన్న ఆటలు కడతరు. పట్వారీని ఆడిపోసుకుంటరు, ఫారెస్టోన్ని ఆడిపోసుకుంటరు. పొద్దున పోయేటప్పుడు సంబంధాలు కలుపుకుంటరు. చూసేటోడు టికెట్ కొన్నోడు కాదు, రేపు వియ్యం అందేటోడు. ఇంతకన్న గొప్ప రంగస్థలం మన తెలుగులో ఏడున్నది? రాజమండ్రిల కందుకూరి 1880ల నాటకం ఆడించిండు, ధార్వాడ కంపెనీని చూసి. మనం నాటకం అనుకునేది ఆడికెల్లి వచ్చింది. దండారి అంతకు ముందు నుంచి ఉన్నది. దానికి రాసినోడు ఎవడు? ఎవడూ కాదు. అందరూ.

చెల్లె: ఆ ‘ఎవడూ కాదు’ అన్న మాటే నాకు భయం సార్.

సారు: భయమెందుకు?

చెల్లె: రాసినోడు ఎవడూ కాదంటే, తర్వాత ఎవడైన రాసుకోవచ్చు అని అయితది. మీరే క్లాసుల చెప్పిండ్రు, మన యక్షగానం మొదట్ల కురవంజి ఉన్నదని, ఎరుకత సోదె చెప్పే వేషం లేకుంటే ఆట నడవదని. చెంచులక్ష్మి కథ గరుడాచలం యక్షగానం కాడికెల్లి సినిమా దాక వచ్చింది. భిల్లుడు, ఏకలవ్యుడు, చెంచిత, ఎరుకలసాని, మా లంబాడోళ్ల అద్దాల పైట కట్టిన గుంపు డ్యాన్సు... తెలుగు స్టేజి మీద మేం లేంది ఎప్పుడు? ఎప్పుడూ ఉన్నం. కానీ మా నోట్ల మాట ఎవరు పెట్టిండ్రు? అహోబిలం నరసింహస్వామి చెంచుపిల్లను పెళ్లి చేసుకున్నడని ఊరూర ఆడిండ్రు. ఆ పిల్ల ఆ పెళ్లి గురించి ఏమనుకున్నదో ఒక చెంచు మనిషి రాసిన నాటకం చూపించండి.

సారు: ఎరుకత సోదెల సరస్వతి ఉన్నది. దేవతలకే జాతకం చెప్పే వేషమది. చిన్నచూపు చూసిన వేషం కాదు.

చెల్లె: స్టేజి మీద దేవతలకు సోదె చెప్పిందే సార్. స్టేజి కింద ఏమైంది? 1871ల క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, ఆ ఎరుకల కుటుంబాలనే పుట్టుకతోనే దొంగలని రాసుకున్నరు. స్టూవర్టుపురం సెటిల్‌మెంటుల పెట్టి రోజూ హాజరు వేసిండ్రు. రాత్రి కురవంజి చూసి చప్పట్లు కొట్టినోడే, తెల్లారి ఎరుకలోడు ఊళ్లెకొస్తే పోలీసు కబురు పెట్టిండు. వేషానికి గౌరవం దొరికింది, మనిషికి దొరకలే. మధ్యల ఉన్న తేడా ఒక్కటే: వేషం మాటలు వేరేటోడు రాసిండు.

ఇక్కడ సారు కాసేపు మాట్లాడలేదు. కల్లంలో ఇద్దరు ఆడవాళ్లు కాళ్లతో పసుపు కొమ్ములు తిరగేస్తున్నారు, ఒక్క పక్కే ఎండకుండా. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆయన మన జిల్లా మనిషిని తెచ్చాడు.

సారు: చిందు ఎల్లమ్మ మాట చెప్తా. మన నిజామాబాద్ జిల్లా మనిషి, 2005ల పోయింది. చెంచులక్ష్మి వేషానికి ఆమెదే పేరు. నేను చూసినప్పటికే ముసల్ది. రంగు పూసుకొని, భుజకీర్తులు కట్టుకొని లేచి నిలబడంగనే వయసు ఏడికి పోయెనో ఏమో. ఆమె చెంచుది కాదు, చిందు మాదిగ. ఎవరి కథ ఎవరు ఆడాలెనో కులం చూసి పంచుకుంటూ పోతే ఎల్లమ్మ ఆ వేషం కట్టకూడదు గద?

చెల్లె: కట్టాలె సార్. వేషం ఎవరైన కట్టొచ్చు. నేను అడిగేది రాత గురించి. ఎల్లమ్మ తాత ముత్తాతలకు జాంబపురాణం ఉన్నది. అది చిందోళ్లు మాదిగ వాడల ఆడి తీరాల్సిన ఆట. దాంట్ల పెద్ద కులపోన్ని నిలబెట్టి, నువ్వెట్ల పెద్ద, నేనెట్ల చిన్న అని వాదం పెట్టుకుంటరు. అంటే వాళ్లకు చెంచులక్ష్మి ఒక ఆట, జాంబపురాణం వాళ్ల సొంత నోరు. సొంత నోరు ఉన్నోడు ఎవరి వేషమైన కట్టొచ్చు. చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీ వచ్చిందంటే నాకు అందుకే సంతోషం, ఆ నోటికి వచ్చింది. మరి మాకు సొంత నోరు ఏది? సేవాలాల్ కథలు ఉన్నయ్, భోగ్ నాడు పాడుతం. అవి ఆయన కాలం కథలు. ఇయ్యాల జక్రాన్‌పల్లిల బస్సెక్కి ఆర్మూర్ పసుపు చేలల్లకు కూలికొచ్చే మా అమ్మ కథ ఏ ఆటల ఉన్నది?

సారు: ఢావ్లోల లేదా?

ఈ ప్రశ్న సారుకే తట్టగలదు. చెల్లె ముఖం మారింది. ఢావ్లో అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. బంజారా పెళ్లిలో అత్తవారింటికి పోయే ముందు పెళ్లికూతురు అమ్మను, చిన్నమ్మను, అన్నను, ఈడు పిల్లలను ఒక్కొక్కరినే మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుని ఏడుస్తూ పాడే పాట. వరస ముసలమ్మలు ముందే నేర్పుతారు, మాటలు మాత్రం ఆ పిల్లవి. ఎవరి దగ్గర ఏ ఉపకారం, ఏ నొప్పి గుర్తుకొస్తే అది పాటలోకి వస్తుంది. అదే జక్రాన్‌పల్లి మండలంలోని తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్ తన కథల పుస్తకానికి ఈ పేరే పెట్టాడు. 2024లో ఆ ‘ఢావ్లో’కి సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. మన ఆర్మూర్‌కు కూతవేటు దూరంలో ఉన్న తండా మాట దేశమంతా వినపడిందని నేను చాలామందికి చెప్పుకున్నాను.

చెల్లె: ఉన్నది సార్. ఢావ్లోల అమ్మ ఉన్నది. మా అక్క పెళ్లిల, పసుపు తవ్వి పగిలిన అమ్మ చేతులను పట్టుకొని మా అక్క పాడింది. అప్పటికప్పుడు కట్టింది. మా అక్క పది చదవలే. ఆ రోజు ఆమె కవి. మీరన్నట్టే రాసినోడు లేడు, రాసినామె ఉన్నది. కానీ ఢావ్లో ఏడ్వనిస్తది, అడగనియ్యది. కట్నం ఎందుకిచ్చినవ్ నాయనా అని అడగనియ్యది. ఏడ్చినంక ఎడ్లబండి ఎక్కాలె, ఇప్పుడైతే కారెక్కాలె. బండి ఎక్కకుండ ఆడ నిలబడి మాట్లాడితే ఏమైతదో, గది నా నాటకం. కార్తీకన్న కథలల్ల రాసిండు, కవితలల్ల రాసిండు. కథను ఒక్కరే కూసోని చదువుకుంటరు. మా అమ్మకు చదువు రాదు. ఆమె ముందట నిలబడి ఆడితేనే ఆమెకు అందుతది.

సారు: ఆడు, ఎవరొద్దన్నరు? కాయితం మీద ఎందుకు పెడతవ్? పెట్టినంక అది గట్టిపడతది. నీ తర్వాత ఆడేటోళ్లు నీ కామాలు, ఫుల్‌స్టాపులు చూసుకుంట ఆడతరు. పరిషత్తు నాటకాల గతి చూసినం గద. 1929ల తెనాలిల నాటక కళాపరిషత్తు పెట్టినప్పుడు ఎంత ఉత్సాహం! రాను రాను ఏమైంది? గంట టైము, ముగ్గురు జడ్జీలు, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ ఆహార్యం. ఊళ్లల్లకు పోవుడు తగ్గింది, పోటీలకు పోవుడు మిగిలింది. నీ గోర్‌బోలి నాటకం కూడ అదే దారి పడితే? పసుపు పండించే తండాదానివి, నీకు చెప్పాల్నా, ఉడకబెట్టిన కొమ్ము మార్కెట్‌కు పోతది గాని మళ్ల మొలవది.

చెల్లె: మొలవది సార్. అందుకే విత్తనానికి పక్కకు తీసుకున్నంకనే మిగిలింది ఉడకబెడతం. మా తండాల ఢావ్లో ఉంటది, తీజ్ ఉంటది. నేను వాటిని తీస్కపోయి కొప్పెరల వేస్తలేను. వాటి పక్కకు ఇంకోటి పెడుతున్న.

సారు: ఆ మాట హబీబ్ తన్వీర్ కూడ అన్నడు. ఛత్తీస్‌గఢ్ ఊళ్ల నుంచి నాచా ఆడేటోళ్లను తెచ్చి, మొదట్ల హిందీ మాట్లాడిస్తే వాళ్లకు నోరు తిరగలే. వాళ్ల భాషల వాళ్లను మాట్లాడనిచ్చినంకనే నాటకం నాటకమైంది. ‘చరణ్‌దాస్ చోర్’ 1982ల ఎడిన్‌బరోల ప్రైజు కొట్టింది. బయటోడైనా వాళ్ల చెయ్యి పట్టుకున్నడు, వాళ్లను ముందట పెట్టిండు. మన శ్రీకాకుళంల సుబ్బారావు పాణిగ్రాహి గిరిజనుడు కాదు. జముకులకథ కట్టి కొండలెక్కిండు, 1969ల ప్రాణమిచ్చిండు. గోండుల కొమురం భీం కథను నవలగ మనకిచ్చింది సాహు, అల్లం రాజయ్య. నువ్వు అనేదాన్ని బట్టి చూస్తే వీళ్లందరు తప్పు చేసినట్టా?

చెల్లె: అట్ల అంటే నా నోరు పడిపోతది సార్. పాణిగ్రాహికి దండం పెడత. ‘కొమురం భీం’ చదివే నేను నాటకాల్లకు వచ్చిన. నా మాట ఏందంటే, మేం ఆడుడు నేర్చుకున్నం, పాడుడు నేర్చుకున్నం, సచ్చుడు కూడ నేర్చుకున్నం, రాసుడు దగ్గరికొచ్చేసరికి ఇంకొకరు రావాల్సొస్తుంది. 1947ల ‘మాభూమి’ నాటకం తెలంగాణ పోరాటాన్ని ఊరూరికి చెప్పింది. అదే పోరాటంల ధర్మాపురం తండా జాటోతు ఠాను పాణం ఇచ్చిండు. ఆయన మీద గోర్‌బోలిల నాటకం ఉంటే నేను చిన్నప్పుడే చూస్తుంటి. తన్వీర్ చేసింది గొప్పదే. కానీ గుజరాత్‌ల అహ్మదాబాద్ కాడ చారానగర్ ఉన్నది చూడండి. చారాలు కూడ ఆ దొంగల చట్టం కింద పడ్డోళ్లే. బెంగాల్‌ల బుధన్ శబర్ అనే ఆయన 1998ల పోలీసు కస్టడీల సచ్చిపోయిండు. ఆ యేడే చారా పిల్లలు ‘బుధన్’ అని నాటకం కట్టిండ్రు. దాని పేరు మీదనే బుధన్ థియేటర్ నడుస్తుంది. దక్షిణ్ బజరంగే అని ఆ వాడల పుట్టినోడే రాసిండు. మహాశ్వేతాదేవి, గణేశ్ దేవి పక్కన నిలబడ్డరు, కలం మాత్రం పట్టుకోలే. నాటకంల పోలీసు కొట్టే సీను వస్తది. ఆ వేషం కట్టినోనికి ఎట్ల కొడతరో ఎవరూ నేర్పలేదు సార్. చిన్నప్పటి నుంచి వాకిట్ల చూసిండు.

సారు ఇక్కడ తల పంకించాడు గానీ ఒప్పుకున్నట్టు కాదు. ఆయన అసలు పట్టు ఇంకా రాలేదు, ఇప్పుడు వచ్చింది. ఈ భాగంలో నాకు ఆయన మాటే ఎక్కువ బరువుగా తోచింది.

సారు: పోలీసు వేషం వేరు బిడ్డా, గుస్సాడి వేరు. నీ మూడో రంగంల గుస్సాడి వస్తడు. స్టేజి మీదకొచ్చి, మైకు ముందట, బోరుబావి గురించి మాట్లాడుతడు. అది నాకు గుచ్చుకున్నది. గుస్సాడి ఆ రోజులల్ల తప్ప రాడు. మర్లవాయి కనకరాజు బతుకంతా గుస్సాడి ఆడిండు, ఢిల్లీల రిపబ్లిక్ డే నాడు ఆడించిండు, 2021ల పద్మశ్రీ వచ్చింది, 2024ల పోయిండు. నేర్పేటప్పుడు కూడ ఆయన ముందుగాల దేవునికి మొక్కి మొదలుపెట్టేటోడు. దండారి ఆట చూపించుడు ఒకటి, ఆ దేవుని నోట్ల నీ డైలాగు పెట్టుడు ఒకటి. పైగా నువ్వు గోండువు కాదు.

చివరి ముక్క అనగానే గాలి బిగుసుకుంది. ఆదిలాబాద్ దిక్కు సంగతి తెలిసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. అప్పటి నుంచి భూమి, ఉద్యోగం, సీటు తమ చేతి నుంచి పోతున్నాయన్న బాధ గోండు, కొలాం గూడేలలో పెరుగుతూ వచ్చింది. 2017లో అది ఉట్నూరు చుట్టుపక్కల ఘర్షణ దాకా పోయింది. తండా వైపు భయమూ నిజమే. నాటకం గురించి మాట్లాడుకుంటూ ఈ సంగతిని దాటవేసి పోయేవాళ్లు ఎక్కువ. వీళ్లిద్దరూ దాటవేయలేదు, అందుకే ఈ సంవాదాన్ని రాయాలనిపించింది.

చెల్లె: సార్, ఆ మాటకు నాకు నొప్పి పుట్టింది గాని మీరన్నది నిజం. మర్లవాయిల నన్ను ఒక గోండు అవ్వ అడిగింది, మీరు మా జాగలకొస్తిరి, మా దేవుని ఆట కూడ కావాల్నా అని. ఆమెకు నా దగ్గర జవాబు లేదు. ఆ మూడో రంగం అక్కడికెల్లి వచ్చిందే. మీకు చెప్తున్న, గుస్సాడిని తీసేస్త. కానీ గోండు, లంబాడీ ఎదురుబొదురు నిలబడే సీను తియ్యను. దాన్ని నేను ఒక్కదాన్నే రాయను. ఉట్నూరుల ఒక గోండు అన్న పాటలు రాస్తడు, ఆయన వైపు మాటలు ఆయన రాస్తడు, నా వైపుయి నేను. కలిపినంక ఏమైతదో ఇద్దరికి తెల్వది.

సారు: కలవకుంటే?

చెల్లె: కలవకుంటే కలవనట్టే ఆడతం. బయటోడు రాస్తే ఇద్దర్ని కలిపి దండలు వేయించి, ఆఖర్ల పాట పెడతడు.

సారు: అది బాగున్నది. ఆఖర్ల పాట పెట్టకు.

చెల్లె: దేవుని సంగతి మాత్రం ఇంకోటి చెప్తా. కెనడాల క్రీ జాతి ఆయన టామ్సన్ హైవే 1986ల ‘ది రెజ్ సిస్టర్స్’ అని రాసిండు. ఆదివాసీలకు కేటాయించిన రిజర్వేషన్ జాగల ఉండే ఏడుగురు ఆడోళ్లు టొరంటోల పెద్ద బింగో ఆటకు పోదామని బయలెల్లుతరు. ఇంత మామూలు కథ. ఒకామెకు క్యాన్సర్, ఒకామెకు ఇంట్ల కొత్త లెట్రిన్ కావాలె. వాళ్ల నడుమ నానాబుష్ అనే వాళ్ల పురాణ పురుషుడు తిరుగుతుంటడు, ఒకసారి పక్షి లెక్క, ఒకసారి బింగో నడిపించేటోని లెక్క. ఆయన వాళ్లవాడే, రాసినోడు వాళ్లవాడే, అందుకే ఎవరికీ గుచ్చుకోలే. గుస్సాడి నోట్ల మాట పెట్టేటోడు ఒక గోండు నాటకకర్త వస్తడు. ఆయన కోసం ఆ జాగ ఖాళీ ఉంచుత. వచ్చేదాక మాత్రం మీరు కూడ ‘రాసినోడు ఎవడూ కాదు’ అని ఆ జాగను మూసెయ్యద్దు.

సారు: మూస్తలేను తల్లీ. కోయల పడిగె చూసినవా? గుడ్డ జెండా మీద బొమ్మలు, గుర్తులు. దాన్ని విప్పి డోలీ కోయలు సమ్మక్క సారలమ్మ కథ చెప్తరు. సకిని రామచంద్రయ్య చెప్పేటోడు, కోయల, తెలుగుల, రెండిట్ల. 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు, 2025ల పోయిండు. ఆ పడిగె రాతప్రతి కాదా? రాతే. కానీ అది చదివితే రాదు, చెప్పేటోడు పక్కన ఉండాలె. గట్లాంటి రాత అయితే నాకు అభ్యంతరం లేదు.

చెల్లె: ఆయన పోయినంక ఆ కథ ఎంత మిగిలింది సార్?

సారు జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

సారు: కొంత. రికార్డు చేసినంత.

చెల్లె: గుంజాల అనే ఊర్ల గోండి రాతప్రతులు దొరికినయ్. 2018ల గుంజాల గోండి లిపి యూనికోడ్‌ల చేరింది. కంప్యూటర్ల గోండి టైపు చేయొచ్చు ఇప్పుడు. ఏం టైపు చేస్తరు? సంతాలీకి రఘునాథ్ ముర్ము 1925ల ఓల్ చికి లిపి తయారుచేసిండు. ఊరికే లిపి చేసి వదిలేస్తే ఎవరు నేర్చుకుంటరని, ‘బిదు చాందన్’ నాటకం రాసిండు ఆ లిపిల. ఆట చూసి అక్షరాలు నేర్చుకున్నరు. 2003ల సంతాలీ ఎనిమిదో షెడ్యూల్ ఎక్కింది. గోండి ఎక్కలే, గోర్‌బోలి ఎక్కలే. మాకు లిపే లేదు. ఈడ తెలుగు అక్షరాల రాస్తం, మహారాష్ట్రల దేవనాగరిల, కర్ణాటకల కన్నడంల. ఒక్క నాటకాన్ని మూడు రాష్ట్రాల తండాలు ఆడుకుంటే...

సారు: మూడు రాష్ట్రాల సంగతి తర్వాత. ఆర్మూర్‌ల ఏడ ఆడతవ్? హాలు ఏది? ఫంక్షన్ హాలు అడిగితే ఒక్క పూటకు నీ తండా నెల కూలి అడుగుతరు.

చెల్లె: హాలు వద్దు. అస్సాంల గోవాల్‌పారా జిల్లా రాంపూర్‌ల శుక్రాచార్య రాభా చేసినట్టు. రాభా తెగ పిల్లడు, మణిపూర్ నాటక దర్శకుడు కన్హాయిలాల్ దగ్గర నేర్చుకొని ఊరికి తిరిగొచ్చిండు. సాలచెట్ల కింద మట్టి స్టేజి, వెదురు మెట్లు, మైకు లేదు, లైటు లేదు, పగటి ఎలుగుల ఆట. దేశంల పెద్ద పెద్దోళ్లు ఆ ఊరికొచ్చి చూసిండ్రు. 2018ల 41 ఏండ్లకే పోయిండు, ఆ నాటకాల పండుగ ఆగలే. మాకు సాలచెట్లు లేవు. ఈ కల్లం ఉన్నది.

సారు: కల్లంలనా?

చెల్లె: పసుపు ఎత్తినంక కల్లం ఖాళీ. నా నాటకం పసుపుదే గద. 2019 ఎంపీ ఎన్నికలల్ల మన నిజామాబాద్‌ల 185 మంది బరిల ఉన్నరు, ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. అది నేను చూసిన పెద్ద నాటకం సార్. ఒక్కొక్కరు పోయి నామినేషన్ వేసుడు, ఓటు మిషన్లు చాలక పన్నెండు పన్నెండు పెట్టుడు. దేశమంతా చూసింది. 2025ల పసుపు బోర్డు వచ్చింది. మంచిదే, రైతుకు కావాల్సిందే. కానీ ఆ మొత్తం కథల తవ్వేటోళ్లు లేరు. కొమ్మును గడ్డ నుంచి తుంచేటోళ్లు లేరు. కొప్పెర కాడ ఆవిరిల నిలబడేటోళ్లు లేరు. మొగోడు దుబాయ్ పోయినంక పిల్లను సంకనేసుకొని కూలికొచ్చే తండా ఆడోళ్లు లేరు. నా నాటకంల అయిదుగురు ఆడోళ్లు ఒక్క రోజు కొప్పెర కాడ ఉంటరు. పొద్దుందాక అంతే.

ఆ రాతప్రతి నేనూ చదివాను. రెండో రంగంలో ఒకామె దుబాయ్ నుంచి వచ్చిన ఫోన్ ఎత్తుతుంది. చేతులనిండా పసుపు, ఫోన్ మీద వేలు తిరగదు. మోచేత్తో నొక్కుతుంది. అవతల మొగుడు పైసలు పంపిన సంగతి చెబుతుంటాడు, ఇవతల ఆమె కొప్పెర మూత తీసి పసుపు ఉడికిందా లేదా పుల్లతో గుచ్చి చూస్తుంటుంది. సంభాషణ అంతా గోర్‌బోలి. తెలుగులో ఒక్క మాట లేదు, అయినా అన్నీ తెలుస్తాయి. ఇలాంటి రంగం బయటివాళ్లు రాయలేరని నేననను. ఇంతవరకు రాయలేదని మాత్రం చెప్పగలను.

సారు: ఆఖరు రంగంల ఒకామె ఢావ్లో పాడుతది. దుబాయ్ పోయే కొడుకును పట్టుకొని. దాన్ని నువ్వు మాటలతో సహా రాసిపెట్టినవ్. అది నేను ఒప్పుకోను. నీ అక్క పెళ్లిల అప్పటికప్పుడు కట్టిందని నువ్వే చెప్తివి. ఢావ్లోను ముందే రాస్తే అది ఢావ్లో ఎట్లయితది? ఆ పేజీ చింపెయ్.

చెల్లె: పేజీ ఖాళీగ పెడితే ఆడేటోళ్లకు భయం సార్. ఊర్లెకు పోయి రిహార్సల్ చేసిన, ఇద్దరు పాడలేమన్నరు.

సారు: నీ నటులకు భయమైతే, చూడొచ్చినోళ్లల్ల నుంచి ఒక్క ముసలమ్మ లేస్తది. మూడు నిమిషాలు ఆగు. తండాల ఢావ్లో కోసం జాగ ఖాళీగ ఉంటే లేవని ముసలమ్మ ఉండదు.

చెల్లె: లేవకుంటే?

సారు: లేవకుంటే ఆట అక్కడికే ఆపు.

చెల్లె చాలాసేపు రాతప్రతి తిప్పుకుంటూ కూర్చుంది. ఆఖరుకు ఆ పేజీ చింపలేదు. దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టింది.

చెల్లె: సరే, రాయను. కానీ ఎవరు లేచి పాడితే ఆమె పేరు, తండా పేరు రాసుకుంటం. పుస్తకం వేసినప్పుడు ఆ పేజీ మీద ఆమె పేరే ఉంటది, నాది కాదు. పైసలొస్తే ఆమెకు ఒక పాలు.

సారు: పేరు రాస్తే తర్వాత అందరు ఆమెనే పిలుస్తరు. మళ్ల అదే పాడమంటరు. ఒక్కామె పాట అయిపోతది.

చెల్లె: పిలవనియ్యండి. ఆమెను అడిగి పిలుస్తరు గద. ఇష్టముంటే వస్తది, లేకుంటే రానంటది.

సారు: పుస్తకం నేను ఇంకా ఒప్పుకోలే, చెప్తున్న.

చెల్లె: తెలుసు సార్. ఉగాది దాటినంక కల్లం ఖాళీ అయితది. మీరు ముందుగాల ఆట చూడుండ్రి, పుస్తకం గురించి అప్పుడు కొట్లాడుకుందాం.